మామను వ్యానులో అతికించిన అమావాస్య

పట్టపగలు, కన్నతల్లి గడపలో నిలబడి చూస్తుండగా, నేను మా మేనమామను వ్యానులో పెట్టి వెల్డింగు చేసేశాను. కంగారు పడకండి, మామ బాగానే ఉన్నాడు. కాకపోతే ఇప్పటికీ మా ఇంటికొస్తే తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

రాయచూరు బజారులో మాది నూనె దుకాణం. డబ్బాలు చేరవేసే పాత వ్యానుకు పక్కకు జరిపే తలుపు కింది అంచున తుప్పు తిని, రూపాయి బిళ్లంత చిల్లు పడింది. లప్పంతో పోయే చిల్లు! గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తేవాళ్ల గురించి విన్నారు కదా, ఆ బాపతు మనిషిని నేనే. ఇరవై నాలుగేళ్ల వయసు. ఫోనులో నాలుగు వీడియోలు చూసి, చిన్న వెల్డింగు మిషను కొనుక్కొచ్చి, ఇక ఊళ్లో మిగతా వెల్డర్లు ఎట్లా బతుకుతారా అని జాలిపడుతున్న రోజులవి.

ఆ రోజు అమావాస్య. మా వైపు అమావాస్యనాడు హమాలీ బస్తా ఎత్తడు, మెకానిక్కు పానా పట్టడు, వెల్డరు మిషను ముట్టడు. పనిముట్లకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. అందుకని వ్యాను ఖాళీగా ఉంది. నేనెలాగూ ఖాళీయే.

"అమాసనాడు నిప్పు పని ఏందిరా?" అంది అమ్మ.

"అవన్నీ పాత మిషన్లకమ్మా. నాది కొత్తది."

అప్పుడే భోజనానికొచ్చాడు అమ్మ తమ్ముడు, మా నర్సింహులు మామ. భూమ్మీద నన్ను నమ్మే ఏకైక ప్రాణి.

"చెయ్యనియ్యక్కా, పిలగాని చేతుల హునర్ ఉంది, పనితనముంది. నేను సాయం పడ్త" అన్నాడు. పాపం.

చిల్లుకు లోపలి నుంచి తడి చెక్క అదిమిపట్టమని మామను వ్యానులోకి ఎక్కించాను. అతుకు సరిగ్గా కూర్చోవాలని తలుపు మూసి, నూనె డబ్బా నుంచి అరచేయంత రేకు కత్తిరించి పెట్టాను. రాడ్డు ఆనించానో లేదో, టప్పున పక్కన ఇంకో చిల్లు. దాన్ని పూడ్చబోతే మరొకటి. చూస్తూ చూస్తూ ఉండగానే రూపాయి బిళ్ల పూరీ అయింది, పూరీ జొన్నరొట్టె అయింది.

"అరే, నిప్పులు నా లుంగి మీద పడ్తున్నయ్‌రా!"

"రెండే నిమిషాలు మామా!"

చివరికి సగం డబ్బా రేకు తెచ్చి, తలుపు కింది నుంచి వ్యాను అంచు దాకా కప్పేసి, దొరికిన చోటల్లా అంటించాను. నల్లద్దం ముసుగులోంచి ఏది తలుపో, ఏది వ్యానో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"అయిపోయింది మామా! ఇగ ఏనుగు తన్నినా ఊడదు!"

"షాబాష్! తలుపు తియ్యి, చూస్త."

లాగాను. రాలేదు. రెండు చేతులా లాగాను. వ్యాను ఊగింది గానీ తలుపు కదల్లేదు.

"ఏందిరా, జల్ది తియ్యి. ఈడ ఉడికిపోతున్న."

"మామా... తలుపు వ్యానుకు అతుక్కపోయింది."

"అంటే?"

"అంటే... రెంటికీ కలిపి వెల్డింగ్ పడ్డది."

అమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. "అయ్యయ్యో! నా తమ్మున్ని డబ్బల పెట్టి మూతేసినవు గదరా!"

డ్రైవరు సీటు వెనక రేకు గోడ. వెనక తలుపు లింగసుగూరు దారిలో ఒకసారి ఊడిపోయి డబ్బాలన్నీ దొర్లిపోయాయని, ఏనాడో నాన్న బసన్న అనే వెల్డరును పిలిచి శాశ్వతంగా మూయించాడు. మిగిలింది చెయ్యి పట్టేంత కిటికీ ఒక్కటే. పైన రాయచూరు ఎండ. రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. మామకు షుగరు, పైగా ఇంకా అన్నం తినలేదు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నిజంగా ఏడ్చాను.

వ్యానును నీడకు నెట్టి, పైన తడి గోనెలు కప్పాను. అమ్మ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో కిటికీలోంచి తమ్ముడికి పెరుగన్నం ముద్దలు పెడుతోంది.

"అరే, కాలుతోని ఒక్కటి తంత, ఏమంటవ్?" అన్నాడు మామ నోట్లో ముద్దతో.

"వద్దు మామా! నా వెల్డింగ్ సంగతి నీకు తెల్వదు. కాలు ఇరుగుతది!"

"అంత గట్టిగున్నదా?"

"ఏనుగు లెక్క ఉంది మామా, ఏనుగు!"

మామ నమ్మి కాళ్లు ముడుచుకున్నాడు. నేను బండెక్కి బసన్న ఇంటికి పరిగెత్తాను. ఆయన హోళిగలు, అంటే మన బొబ్బట్లే, తిని పడుకుని ఉన్నాడు.

"అమాస దిన మిషన్ ముట్టంగిల్లప్ప. ముట్టరాదు. రేపు వస్త."

"రేపటికి మామ ఉండడన్నా! వ్యాను లోపలున్నడు!"

"లోపల? మనిషా?" ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. "ప్రాణానికి అమాసేంది, పున్నమేంది! నడువు!"

కటింగు మిషను పట్టుకుని వచ్చాడు. దాన్ని కింద పెట్టి, నా పనితనం ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలి గోటితో గీకాడు. ఒక తునక ఊడి ఆయన అరచేతిలో పడింది. నా వైపు చూశాడు. ఇంకోచోట గీకాడు. ఇంకో తునక.

"లోపలున్న అన్నా, ఈ కింద ఒక్కటి తన్నుండ్రి."

"కాలు ఇరుగుతదంట గదా?"

"ఏమీ ఇరగదు. మెల్లగనే తన్నుండ్రి."

మామ మెల్లగానే తన్నాడు. ఠంగుమని రేకు మొత్తం ఊడి వీధిలో పడింది. బసన్న ఒంటి చేత్తో లాగితే తలుపు సర్రున జరిగింది. మిషను ఆన్ చెయ్యనే లేదు, ఆయన అమావాస్య చెక్కుచెదరలేదు. మామ మీసానికి పెరుగన్నం, లుంగీ నిండా చిల్లులతో దిగాడు.

"రెండు గంటలాయె! తంత అని నేను అప్పుడే చెప్పలేదారా?"

మామను కావలించుకున్నాను. బతికాడన్న సంతోషం ఒకపక్క. ఏనుగు కోసం చేసిన వెల్డింగు పెరుగన్నం తిన్న మామ కాలికి ఊడిందన్న షాకు ఇంకోపక్క. ఏది ఎక్కువంటే చెప్పలేను, సిగ్గేస్తుంది. తలుపులోని చిల్లును బసన్న ఇంకా అట్లాగే చూస్తున్నాడు.

"తలుపెందుకప్ప, ఇంకొంచెం వెల్డింగ్ చేసుంటే మీ మామ ఈ చిల్లుల నుంచే దిగుతుండె" అన్నాడు.

ఆ సాయంత్రమే మిషనుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అటకెక్కించాను. దానికి ఇక ఏడాది పొడుగునా అమావాస్యే. నూనె డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో రాడ్డు పట్టను. చిల్లు కనబడితే లప్పం పూస్తాను, లేదా అటు తిరిగి నడుస్తాను. ఎప్పుడైనా బుద్ధి గడ్డి తిని చెయ్యి దురద పెడితే, నేరుగా మామ దగ్గరికి వెళ్లి ఒక్కటి గట్టిగా తన్నమంటాను. తలుపును కాదు, నన్నే.