మేత సంచుల వ్యోమగామి

నా బావమరిది హరినాథ్‌కు పిచ్చి అని చాలామందితో అన్నాను. పిచ్చి కాదు, పని తెలిసినవాడి చేతికి ఉండే దురద అది. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద ఏ మోటారు మూలిగినా వాణ్ణే పిలిచేవాళ్లు. వాడు చెయ్యి పెడితే తిరగాల్సిందే. పిలుపు మాత్రం "ఒరే హరీ" అనే. నలభై నిండినా ఆ 'ఒరే' పోలేదు. అది వాడికి లోపల గుచ్చుకునేదని నాకు తెలుసు. తెలిసీ నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

కిందటేడు ఫోన్లో ఏదో అంతరిక్షం సినిమా చూశాడు. కథ ఏమిటంటే సరిగ్గా చెప్పలేడు గానీ, అందులోవాళ్లు వేసుకున్న తెల్ల సూటు మీద వాడి కళ్లు పడ్డాయి. రెండు నెలలు కూర్చుని అలాంటిదే చేశాడు. ఖాళీ మేత సంచులు ఉతికి, అచ్చులేని వైపు పైకి తిప్పి కుట్టాడు. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా కోసి తలకు తొడుగు చేశాడు. వీపు మీద పాత స్టార్టర్ పెట్టె, దాంట్లోంచి తలకు గాలి తోలే చిన్న ఫ్యాను, ఛాతీ మీద నీలం లైట్లు. చూసి పొట్ట పట్టుకుని నవ్వాను.

"శ్రీహరికోట నించి నీకోసం బండి పంపిస్తార్లేరా" అన్నాను.

హైస్కూల్లో సైన్సు చెప్పే లిల్లీ టీచర్ మాత్రం నవ్వలేదు. "హరినాథ్ గారూ, సైన్సు పండక్కి వచ్చి మా పిల్లలకు చూపిస్తారా?" అని అడిగింది. ఆ 'గారు' పట్టుకుని వారం రోజులు నేల మీద నడవలేదు వాడు.

ఫ్యానూ లైట్లూ ఆడాలంటే మంచి బ్యాటరీ కావాలి. నేనూ చెంచురామయ్యా చెరి సగం పెట్టి చేస్తున్న గుంట మీద జనరేటర్‌కు రెండు బ్యాటరీలున్నాయి. ఒకటి తగిలించి ఉంటుంది, రెండోది షెడ్డులో చార్జింగులో ఉంటుంది. గుంటల మీద మాకో కట్టుబాటుంది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి పదిరోజులుందనగా గుంట మీద నుంచి ఏ వస్తువూ బయటికి పోకూడదు. తాడు ముక్క అడిగినా ఇవ్వరు. చెంచురామయ్యకు అది ప్రాణంతో సమానం. నాకేమో అదంతా ముసలాళ్ల చాదస్తం.

"బావా, ఆ రెండో బ్యాటరీ ఊరికే పడుండాది గదా. ఒక్క పూట తీసకపోతా" అన్నాడు హరి.

"తీసకపోరా. చెంచురామయ్యతో మాత్రం అనబాక" అన్నాను.

అప్పటికి పట్టుబడికి వారమే ఉంది, నాలుగు రోజులుగా ముసురు. ఎండ లేక నీళ్లలో గాలి తగ్గిపోయి, నీళ్లు చిలికి గాలి కలిపే చక్రాలు రాత్రీ పగలూ తిప్పుతున్నాం. వాడు స్కూలుకు పోయిన పొద్దున ఎనిమిదింటికి కరెంటు పోయింది. జనరేటర్ ఒకసారి దగ్గి ఊరుకుంది. తగిలించిన బ్యాటరీ చచ్చింది. చెంచురామయ్య షెడ్డులోకి పరుగెత్తాడు. రెండోది లేదు. ఎవరిదో ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చేసరికి రొయ్యలన్నీ పైకొచ్చి గట్లకు చేరాయి. మధ్యాహ్నానికి గుంట గుంటంతా చచ్చింది.

కబురు అందినట్టుంది, హరి ఆ సూటులోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఛాతీ మీద నీలం లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. గట్టు మీద ఊళ్లో సగం జనం ఉన్నారు. చెంచురామయ్య వాడి వీపు మీది పెట్టె తెరిచి బ్యాటరీ చూశాడు.

"ఎవర్నడిగి తీసినావురా?"

హరి తల తొడుగు తీసి నా వైపు చూశాడు. నేను వంగి చచ్చిన రొయ్యల్ని బుట్టలోకి ఎత్తడం మొదలుపెట్టాను. వాటిని ఏం చేసుకోవాలో నాకే తెలీదు.

"ఎవర్నీ అడగలేదన్నా" అన్నాడు వాడు.

ఆ రోజు నుంచి వాడు దొంగ. మళ్లీ ఏ గుంట మీదికీ వాణ్ణి ఎవరూ పిలవలేదు. లిల్లీ టీచర్ కూడా కనిపిస్తే తల తిప్పుకుందట. వీటన్నిటికంటే ఘోరం మా ఇంటి గడపలో జరిగింది. తల్లి పోయాక తమ్ముడైన వాణ్ణి ఎత్తుకు పెంచింది నా భార్య సామ్రాజ్యమే. ఆమే గడపకు అడ్డంగా నిలబడి, "నా సంసారాన్ని ముంచినావు. ఇంక ఈ గడప తొక్కబాక" అంది. వాడు "సరేక్కా" అని వెళ్లిపోయాడు. నేను లోపల మంచం మీద కూర్చుని అంతా విన్నాను. నా నోట్లో నాలుక ఉంది, పనిచేస్తుంది కూడా. అయినా పెగల్లేదు.

ఇప్పుడు హరి ఊరొదిలి, దూరాన గూడూరు టౌను నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. మొన్న వెళ్లాను. భుజం దిగిపోయి, సగం మనిషయ్యాడు.

"హరీ, మీ అక్కతో చెప్పేస్తా. చెంచురామయ్యతో గూడా" అన్నాను.

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇప్పుడు చెప్తే అక్క నీ మొహం చూడదు బావా. నన్నెట్నో ఒదులుకునింది. నిన్ను గూడా ఒదులుకుంటే ఆమెకి ఎవరుండారు? ఊరుకో."

వాడా మాట అనగానే నా గుండె మీది బరువు దిగింది. నాకు ఏడుపు రావాలి, వాడి కాళ్లు పట్టుకోవాలి. కానీ హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇంతలో ఎవరో లారీ దగ్గర నుంచి "ఒరే హరీ" అని అరిచారు. వాడు మూట ఎత్తుకుని పోయాడు.

ఇంటికి వచ్చేసరికి సామ్రాజ్యం అన్నం పెట్టింది. పొద్దున బయల్దేరుతూ ఆమెతో అన్నది వేరు, మోటార్లు బాగుచేసే మనిషిని వెతకడానికి పోతున్నానని.

"మంచి మెకానిక్ ఎవురన్నా దొరికినాడా?" అని అడిగింది.

"దొరకలేదు" అన్నాను.