కుళాయమ్మ కోడు బయటికొచ్చిన వైనం

హాజరు పట్టీలో తప్ప ఆవిడ అసలు పేరు ఆ నీటి సరఫరా కార్యాలయంలో ఎక్కడా వినిపించదు. అందరికీ కుళాయమ్మే. ఫిర్యాదు కాగితాలను మేకుకు గుచ్చిపెట్టే రోజుల్లో, అంటే పదకొండేళ్ల కిందట, ఏ వీధిలో పైపు పగిలింది, మరమ్మతువాళ్లు ముందు ఎక్కడికి వెళ్లాలి అన్నది తేల్చే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది ఆవిడే. కూర్చునేది మెట్ల కింద గదిలో. గోడకెప్పుడూ చెమ్మ. నీళ్లాఫీసు గోడే కారుతుంటే ఫిర్యాదు ఎవరికి చేయాలని నవ్వేది.

ఒకరోజు పక్క ఊరి నీళ్ల ఇంజనీరు ఫోన్ చేసింది.

"అక్కా, మీ ప్రోగ్రామ్ మాకూ ఇస్తారా? మేమింకా చీటీలతోనే చస్తున్నాం."

ఒక్క ఊరికే ఎందుకనుకుంది కుళాయమ్మ. ఓపెన్ సోర్స్ చేసి కోడంతా బయట పెడితే ఏ ఊరివాళ్లయినా తీసుకోవచ్చు, చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఒక పేజీ ఉత్తరం రాసి పైకి పంపింది. వారంలో తేలిపోతుందనుకున్న పని మూడేళ్లు నానింది.

మొదట న్యాయ సలహాదారు పిలిపించాడు.

"ఇది ఎవరి సొత్తమ్మా?"

"ఆఫీసుదండీ. ఆఫీసు కుర్చీలో కూర్చుని నేనే రాశాను."

"కుర్చీకి కాగితం ఉంది. దీనికుందా?"

లేదు. పైగా అందులో పటం చూపించే భాగం బయటి కంపెనీవాళ్లు రాసింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. అనుమతి కోసం పంపిన ఉత్తరం మూడుసార్లు తిరిగొచ్చింది. విసుగెత్తి, ఆ భాగం మొత్తం పీకేసి, నాలుగు నెలలు కూర్చుని తనే కొత్తగా రాసింది.

తర్వాత భద్రతాధికారి వంతు.

"కోడు బయట పెడితే దొంగలు చూడరూ?"

"చూస్తారండీ. తాళం ఎలా తయారైందో తెలిసినంత మాత్రాన తాళంచెవి చేతికి రాదుగా!"

మాట ధాటిగానే అంది గానీ, తీరా వెతికితే తాళంచెవి లోపలే ఉంది. సర్వర్ పాస్‌వర్డ్ మూడు చోట్ల ఉన్నదున్నట్టు రాసి ఉంది. రాసింది మరెవరో కాదు, తనే. పరీక్ష కోసం వాడిన పాత ఫిర్యాదుల్లో జనం ఫోన్ నంబర్లూ అలాగే ఉన్నాయి. అన్నీ ఏరి పారేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆయనకు నిజం చెప్పి వచ్చింది. మరో చోట, పాత సహోద్యోగి ఎవరో రాసి వదిలేసిన వ్యాఖ్య కనబడింది: "ఈ నియమం ఎందుకో పెద్దసారుకే తెలియాలి. ఆయనకూ తెలియదు." అదొక్కటి చెరపడానికి మాత్రం మనసొప్పలేదు.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. రోజూ పొద్దున ఆవిడ చెప్పులేసుకుంటుంటే అడిగేవాడు.

"ఇవాళ ఎవరి సంతకం?"

"నన్ను కదిలించకండి."

"ఊరికే ఇస్తామంటేనే ఇంత భయమా! అమ్ముతామంటే ఈపాటికి ఎగబడి సంతకాలు పెట్టేవాళ్లు."

ఎట్టకేలకు అనుమతి వచ్చింది. కుళాయమ్మ ఆత్రంగా ఆఫీసు వెబ్‌సైటు తెరిచింది. కోడంతా తొమ్మిది వందల పేజీలు అచ్చు తీసి, ప్రతి పేజీ మీద ముద్ర గుద్ది, ఆ కాగితాలకు ఫోటోలు తీసి పెట్టారు. ఆవిడ తల పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది.

"సార్, ఇవి బొమ్మలు. వీటిని తీసుకుని ఎవరూ ప్రోగ్రామ్ నడపలేరు."

"చదువుకోవచ్చు కదమ్మా?"

అసలు కోడు బయటికి రావడానికి మరో నాలుగు నెలలు పట్టింది. వచ్చిన రోజే పక్క ఊరి ఇంజనీరు దాన్ని తన కంప్యూటర్లోకి దించుకుంది. తొమ్మిదో రోజున, ఎక్కడో దూరాన ఉన్న ఒక లెక్కల మాస్టారి నుంచి మెయిల్ వచ్చింది. తలుపు నంబరులో అడ్డగీత ఉంటే ఆ ఫిర్యాదు ఎప్పటికీ జాబితా అడుగుకే పోతోంది, చూసుకోండి అని.

చూసుకుంది. నిజమే. మార్కెట్ వెనక సందులో ఇళ్లన్నీ వాటాలు పడ్డవే, నంబర్లన్నీ అడ్డగీతలవే. ఆ సందువాళ్లు ఊరికే గోలపెడతారని పదకొండేళ్లుగా ఆఫీసంతా అనుకునేది. తనూ అనుకుంది. రెండు వరుసలు మారిస్తే తప్పు సరైంది. పది నిమిషాల పని. ఏం తప్పో, ఏం మార్చిందో కోడు పక్కనే అందరికీ కనబడేలా రాసి పెట్టింది.

మర్నాడు మెమో చేతికొచ్చింది. కార్యాలయ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. పెద్దసారు గదిలో న్యాయ సలహాదారు కూడా ఉన్నాడు.

"నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు సలహాదారు.

ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"పదకొండేళ్లు లోపల దాచుకున్నామండీ, ఒక్కరికీ కనబడలేదు. తొమ్మిది రోజులు బయట పెడితే, ముక్కూ మొహం తెలియని మనిషి మన తప్పు చూపించి పుణ్యం కట్టుకున్నాడు. మన ప్రతిష్ఠ ఇప్పుడు పోలేదు. ఆ సందులో జనం ఖాళీ బిందెలతో నిలబడ్డ రోజే పోయింది."

పెద్దసారు ఒక తెల్లకాగితం ఆవిడ ముందుకు తోశాడు.

"ఇదే రాసివ్వండి. కాస్త గొంతు తగ్గించి."

రాసిచ్చింది. మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు. కోడూ వెనక్కి తీసుకోలేదు. ఆవిడకు అది చాలు.

ఆ వారమే మరమ్మతువాళ్లు ఆ సందు తవ్వారు. కుళాయమ్మా వెంట వెళ్లింది. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ ఎగాదిగా చూసింది.

"ఇన్నాళ్లకు గుర్తొచ్చామా తల్లీ?"

కుళాయమ్మ అడ్డగీతల సంగతి చెప్పబోయి ఆగిపోయింది.

"తప్పు మాదేనండీ," అని ఊరుకుంది.

"సర్లే, అలా పక్కకి నిలబడు. బురద పడుతుంది," అంది పెద్దావిడ.