వెలుతురు తాగని మెట్లు

అందరూ ఆయన్ను రేడియం మేస్త్రీ అంటారు. ఆయన పూసే రంగులో రేడియమూ లేదు, గీడియమూ లేదు. వెలుతురు తాగి, చీకట్లో దాన్ని మెల్లగా వదిలే పొడి అది. ముందు తెల్లరంగు పూత, దాని మీద వార్నిష్‌లో కలిపిన పొడి. కలుపుతూనే ఉండాలి, లేదంటే అడుక్కి దిగిపోతుంది. ఇరవై రెండేళ్లలో ఎన్ని మెట్ల అంచులకు ఆ గీతలు గీశాడో ఆయనకే తెలియదు.

సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ కూతురు మాటవరసకు అంది.

"మా ఫ్యాక్టరీ మెట్లకి కొత్త లైట్లు పెట్టారు నాన్నా. మనిషొస్తేనే వెలుగుతాయి. మేమందరం లిఫ్టులోనే వెళ్తాం కదా, అక్కడెప్పుడూ చీకటే."

మేస్త్రీ గుండె జారిపోయింది. ఆ బట్టల ఫ్యాక్టరీ మెట్లకు గీతలు గీసింది తనే. ఆరో అంతస్తులో మిషన్ కుట్టేది ఈ పిల్లే. వెలుతురు తగలకపోతే అవి ఉత్త సున్నపు గీతలు. కరెంటు పోయి లిఫ్టు ఆగి, పొగలో అందరూ ఆ మెట్ల మీదే దిగాల్సొస్తే? కాఫీ అక్కడే వదిలేశాడు. కూతురి వెంటే బయలుదేరాడు.

మేనేజరు పకపకా నవ్వాడు. "చీకట్లో వెలుగుతుందని నువ్వే కదయ్యా చెప్పావు? చీకట్లో ఉంచితే ఇంకా బాగా వెలగాలి!"

మేస్త్రీ వదల్లేదు. లైట్లు ఆపించి చూద్దాం రమ్మన్నాడు. ఎలక్ట్రీషియన్ కింద నిలబడి మెట్ల లైట్లన్నీ ఆపేశాడు. రెండో అంతస్తులో ఇద్దరూ మెట్ల మీదికి వెళ్లి తలుపు వేసుకున్నారు. మేనేజరు ఒక మెట్టు మీద టార్చి వేసి ఆర్పాడు. గీత పచ్చగా మెరిసింది.

"చూశావా? తనిఖీకొచ్చినాయన కూడా ఇలాగే చూసి వెళ్లాడు."

"మీ టార్చి వల్లే వెలిగింది సార్. అది నాకిచ్చేసి, కిందికి రండి."

మలుపు తిరిగితే కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. తన చేత్తో గీసిన మెట్టు మేస్త్రీకే కనపడలేదు. కాలు తడబడి, రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. గీతలు గీశాడే గానీ, వాటి మీద పగలంతా లైటు వెలగాలని తను ఎవరికీ చెప్పలేదు. ఆ తప్పు తనదే.

పైనుంచి మేనేజరు పిలిచాడు. "మేస్త్రీ, ఎక్కడున్నావు? నాకు మెట్టు తెలియటం లేదు."

"కదలకండి. ఇదిగో, నా చెయ్యి పట్టుకోండి."

"సరేనయ్యా, నువ్వు చెప్పింది నిజమే. రేపు పాత లైట్లు పెట్టిస్తాను."

"అయితే రేపటిదాకా నా కూతుర్ని కిందికి పంపించేయండి. మిగతా రెండు వందల మందిని కూడా."

మేనేజరు మేస్త్రీ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ముందు నన్ను దించు. ఇవాళే పెట్టిస్తాను."

మేస్త్రీ ఒక్క అడుగు వెయ్యలేదు.

"ఎలక్ట్రీషియన్ కిందే ఉన్నాడు. ఇక్కణ్ణుంచే కేకెయ్యండి సార్" అన్నాడు.