గీకిన నాలుక

నేను బి.ఏ. పాసయ్యాను! కొల్లేటికోటలో చేపలు పట్టుకునే మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఇవాళ ఉద్యోగానికి ముందు డాక్టరు పరీక్ష జరిగింది. ఆయన "నాలిక చాపండి" అనగానే ఎప్పటిదో నస్యం కంపు గుర్తొచ్చింది.

నా పదకొండో ఏట, ఏలూరు హైస్కూల్లో ప్రవేశపరీక్ష మూడు రోజులుందనగా జ్వరం తగిలింది. నాలుక నిండా తెల్లటి పాచి. మా ఊరి వైద్యుడుగారు చూస్తే వారం లంఖణం పెడతారు, పడవ ఎక్కనివ్వరు. పాచి పోతే జ్వరమూ పోతుందనుకుని, తాటాకు ఈనెతో నెత్తురొచ్చేదాకా గీకేశాను. ఈనెకు అంటిన జిగురు చూసి నాకే వాంతి వచ్చింది.

అయినా నాన్న వైద్యుడుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన నస్యం అంటిన వేళ్లతో నా నాలుక పట్టి బయటికి లాగారు. ఛీ! ఆ వేళ్ల చేదు ఇప్పటికీ పోలేదు.

"ఏవమ్మా, ముందంతా గీకేశావు. వెనకాల పాచి ఎవరికి దాచావు?"

నాన్న భయపడ్డాడు. "పరీక్ష మానిపించెయ్యమంటారాండీ?"

"అజీర్ణవేనయ్యా. ఇవాళ ఆముదం, ఎల్లుండి పడవ. చదువు కోసం నాలిక చీరుకున్న పిల్లని నేనాపుతానా?"

ఆముదం కక్కుకుంటూ ఆయన్ని తిట్టుకున్నాను. చాలా ఏళ్లు తిట్టుకున్నాను.

ఇవాళ డాక్టరు సంతకం పెడుతుంటే, ఈ కబురు ముందుగా, ఆనాడు నన్ను పడవ ఎక్కనిచ్చిన ఆ నస్యం చేతుల ఆయనకే చెప్పాలనిపించింది.