ఆ పొద్దున నేను ఫోన్ చేయలేదు

మూడేళ్ల నుంచి ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. ‘మాట్లాడిన’. ఫోన్లో నేనే టైప్ చేసి పంపాను. అది అబద్ధం. నిన్నటి దాకా ఆ సంగతి నాకూ ఇంకొక్కరికీ మాత్రమే తెలుసు.

మీరు ఈ గ్రూపులో చేరి వారమైంది. కొత్తవాళ్లకు మన పద్ధతులు రాసిపెట్టమని సూర్యాపేట అక్క నాకు చెప్పింది. రాయడానికి కూర్చుంటే ఇదే వచ్చింది. నా పేరు అవసరం లేదు, ఇక్కడ ఎవరి పేరూ అవసరం లేదు. కోదాడలో ఉంటాను. హుజూర్‌నగర్ వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలీల హాజరు రాస్తాను. చచ్చిపోవాలన్న ఆలోచన ఒకప్పుడు నన్నూ పట్టుకుంది. ఎందుకంటే ఒక్క కారణం చెప్పలేను. అప్పుడు ఈ గ్రూపు దొరికింది. అక్క నర్సు. సొంత తమ్ముణ్ని పోగొట్టుకున్నాక దీన్ని మొదలుపెట్టింది.

పద్ధతి మీకు తెలిసిందే. పొద్దున ఎనిమిదిలోపు అందరం ‘ఉన్న’ అని రాయాలి. ప్రతి ఒక్కరికీ ఒక జత. జత రాయకపోతే ఫోన్ చేయాలి. గొంతు వింటే వాళ్ల బదులు ‘మాట్లాడిన’ అని గ్రూపులో పెట్టాలి. ఎత్తకపోతే వెంటనే అక్కకు చెప్పాలి. ఇంటివాళ్ల నంబర్లు అక్క దగ్గరే ఉంటాయి. అంతే. ఇది ఎందుకంత గట్టిగా పాటించాలో చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు, కానీ ఆ అర్హత నాకెట్లా వచ్చిందో దాచిపెట్టి ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను.

నా జత మిర్యాలగూడ తమ్ముడు. రైస్ మిల్లులో మిషన్ ఆపరేటర్. అప్పటికి ఇరవై ఆరేళ్లుంటాయి. బీహార్ నుంచి వచ్చిన ఒక హమాలీతో కలిసి గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. వారంలో రెండు రోజులు అతని ఫోన్లో నెట్ అయిపోయేది. నేను ఫోన్ చేసేవాణ్ని. లేచిన అన్నా, అనేవాడు. నేను ‘మాట్లాడిన’ అని పెట్టేవాణ్ని. ఎనిమిది నెలలు అట్లా నడిచింది.

ఆ రోజు ఫ్యాక్టరీలో మరమ్మతు పనులు. గేటు ముందు మామూలుకన్నా మూడింతల మంది. ఎనిమిదికి పది నిమిషాల ముందు చూస్తే తమ్ముడి ‘ఉన్న’ లేదు. నెట్ అయిపోయి ఉంటుందనుకున్నాను. నా పనిలో ఒక పాడు అలవాటుంది. రోజూ వచ్చేవాడికి అతను గేటు దాటకముందే హాజరు వేసేస్తాను. ఎట్లాగూ వస్తాడు కదా. వస్తాడు కూడా. ఆ చేత్తోనే గ్రూపులో ‘మాట్లాడిన’ అని పెట్టాను.

అలవాటు, రద్దీ. చాలాకాలం నాకు నేను ఇట్లాగే చెప్పుకున్నాను. నిజంగా అంతేనా? రెండు నిమిషాల ఫోనుకు ఎవరి ఉద్యోగమూ పోదు. అసలు సంగతి రాస్తాను. అతని నంబరు తెరిచాను. చేస్తే తొందరగా వదలడనుకున్నాను. అప్పటికి వారం నుంచి అదే బాధ, అవే మాటలు, రోజూ అరగంట. నాకు విసుగొచ్చింది. ఒకప్పుడు నా బాధను ఇదే గ్రూపులో ఎంతమంది ఎన్నిసార్లు ఓపిగ్గా విన్నారో తెలిసి కూడా, ఆ ఒక్క పొద్దున అతని గొంతు నాకు వద్దనిపించింది. నంబరు మూసేశాను.

పదకొండు గంటలకు హమాలీ మర్చిపోయిన టిఫిన్ డబ్బా కోసం గదికి తిరిగొచ్చాడు. తమ్ముడు స్పృహ లేకుండా పడి ఉండడం చూసి, ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లాడు. తమ్ముడు బతికాడు. ఆ డబ్బా వల్ల బతికాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తేవాడా? ఎత్తకపోయినా అక్కకు తెలిసేది. మూడు గంటల ముందే ఎవరో ఒకరు ఆ తలుపు కొట్టేవాళ్లు.

అంతటితో ఆగినా బాగుండేది. నేను పెట్టిన మాట చూసి, అతను నాతో మాట్లాడి కూడా మనసులోది దాచాడని అందరూ అనుకున్నారు. నాకే ధైర్యం చెప్పారు. నేను కాదనలేదు. మూడో రోజు అక్కా నేనూ దవాఖానకు వెళ్లాం. అతని మొహం చూడడం అదే మొదటిసారి. అక్క మంచం పక్కన కూర్చుని, కోపం లేకుండానే, అన్నతో మాట్లాడినప్పుడైనా ఎందుకు చెప్పలేదని అడిగింది. తమ్ముడు నా వైపు చూశాడు.

“దాచిన అక్కా. అన్నకేం తెల్వది,” అన్నాడు.

అక్క డాక్టరును కలవడానికి బయటికి వెళ్లింది. అప్పుడు మెల్లగా అన్నాడు.

“నువ్వు రాసింది గప్పుడే సూసిన అన్నా. ఫోన్ చేతులనే ఉండె. నువ్వు చేస్తవేమోనని సూస్తున్న.”

“అక్కకు చెప్త తమ్మీ,” అన్నాను.

“వద్దు. చెప్తే నిన్ను తీసేస్తరు. నీకు గూడ ఈ గ్రూపే గదా ఆసరా.”

నిజమే. గ్రూపు లేకపోతే నేనేమైపోతానో అని భయపడ్డాను. మంచం మీదున్న మనిషి నా గురించి ఆలోచిస్తుంటే ‘సరే’ అన్నాను. ఫోన్ చేయకపోవడం కంటే ఆ ‘సరే’ పెద్ద తప్పు.

తమ్ముడు మందులు వాడాడు. ఇప్పటికీ నెలనెలా సూర్యాపేటలో డాక్టరుకు చూపించుకుంటాడు. మిల్లుకు వెళ్తున్నాడు. కానీ గ్రూపులో మాత్రం జతకు అబద్ధం చెప్పినవాడిగా మిగిలిపోయాడు. అతను ‘ఉన్న’ అని రాసినా అక్క విడిగా ఫోన్ చేసి నిజంగా బాగున్నాడా అని అడుగుతుంది. దాచుకోకండి అని కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు అతని సంగతే పేరు లేకుండా చెబుతుంది. అది అతనూ చదువుతాడు, నేనూ చదువుతాను. ఏదీ దాచనక్కర్లేని చోటు ఇదొక్కటే అని మనం చెప్పుకుంటాం. ఇక్కడే కూర్చుని అతను మూడేళ్లు నా తప్పును దాచాడు.

నిన్న సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, అందరికీ చెప్పేస్తానన్నాను. నీ ఇష్టం అన్నా, అన్నాడు. పరవాలేదని అనలేదు. అనమని నేనూ అడగలేదు. తర్వాత అక్కకు చెప్పాను. మొత్తం విని, రాసి గ్రూపులో పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేసింది. నన్ను ఉంచుతారో తీసేస్తారో తెలియదు. సిగ్గుగా ఉంది. అయినా ఊపిరి కొంచెం ఆడుతోంది. ఇకమీదట ఆ అబద్ధం నాదే, అతనిది కాదు.

ఎనిమిది కావస్తోంది. మీ జత రాశారో లేదో గ్రూపులో పైకి వెళ్లి చూడండి. ఇప్పటికీ నా జత తమ్ముడే. అతనిది ఇంకా రాలేదు. నెట్ అయిపోయి ఉంటుంది. ఫోన్ చేస్తున్నాను.