మొదటి మంచం నాగేంద్రప్ప

రాబర్ట్‌సన్‌పేటలో బట్టల కొట్టు నాగేంద్రప్ప మా సేవా క్లబ్బుకు మూడుసార్లు అధ్యక్షుడు. పన్నెండేళ్లుగా ప్రతి రక్తదాన శిబిరంలోనూ మొదటి మంచం ఆయనదే. చొక్కా చేయి పైకి మడిచి పడుకుంటాడు, పిడికిట్లో ఎర్ర బంతి పట్టుకుంటాడు, ఫోటో తీయగానే లేచి జ్యూసు తాగుతాడు. సూది ఆయన్ను ఏనాడూ తాకలేదు. "ఇంగ చాలమ్మా, నాకు షుగరు ఉండాది" అంటాడు నర్సుతో. ఆ షుగరు మైసూరుపాకుకు మాత్రం అడ్డం రాదు. ఆయన్ను చూసి క్లబ్బంతా అదే విద్య నేర్చుకుంది. నేనూ నేర్చుకున్నాను.

పోయిన నెల మాలూరు దగ్గర ఆయన స్కూటరు బోల్తా పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషనుకు మూడు సీసాల రక్తం కావాలన్నారు. కబురందగానే పదమూడు మందిమి బ్యానరుతో సహా ఆసుపత్రికి పోయాం. ఒకరి తర్వాత ఒకరం మంచమెక్కి, బంతి పట్టుకుని, ఫోటో దిగి లేచాం. జ్యూసు బాగుంది.

"ఇన్ని ఫోటోలు తీసినారు, రక్తం యాడప్పా?" అని ఆయన భార్య గిరిజమ్మ అడిగింది.

"గ్రూపులో పెట్టినాము చూడమ్మా" అన్నాడు కార్యదర్శి మృత్యుంజయ.

చివరికి, ఆయన్ను ఆసుపత్రికి మోసుకొచ్చిన ఇటుకబట్టీ కూలీలే రక్తమిచ్చారు. వాళ్లను ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు.

మర్నాడు నాగేంద్రప్ప కళ్లు తెరిచి, ఫోను అడిగి తీసుకుని, గ్రూపులో మా పదమూడు ఫోటోలనూ చాలాసేపు చూశాడు. తర్వాత ఒకే ఒక్క మాట రాశాడు: "బ్యానరులో నా పేరు చిన్నదిగా వేసినారు."