చౌడు పట్టిన సంచి

అది 1961. మెట్‌పల్లి సమితిలో నేను వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఏ భూమిలో ఏం పండుతుందో రైతుకు చెప్పడం నా పని. ఆ తాలూకాలో ఎర్ర ఇసుక చెల్క, నల్లరేగడి, అక్కడక్కడ క్షారం తేలిన చౌడు పక్కపక్కనే ఉంటాయి. నీటి వసతి ఉన్న చెల్కలో పసుపు బ్రహ్మాండంగా వస్తుంది. చౌడులో మాత్రం దుంప మొలకెత్తదు, ఎత్తినా నిలవదు.

మట్టి సాంపిల్ తీయడానికి ఒక పద్ధతి ఉంది. చేనులో పది చోట్ల జానెడు లోతు తవ్వి, ఆ మట్టినంతా కలిపి, నీడలో ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ సంచిలో కట్టాలి. ఆ సంచులు మా బాపు మగ్గం మీద నేసిన ముతక బట్టతో కుట్టించాను. శుభ్రత విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. ఒకసారి వాడిన సంచిని ఉతికించకుండా మళ్ళీ ముట్టేవాణ్ణి కాదు. తోటి ఉద్యోగులు నవ్వేవారు. నాకదే గొప్పగా ఉండేది.

ఆ ఎండాకాలం మల్లేశం అనే రైతు కొత్తగా బావి తవ్వించుకుని, మూడెకరాల చెల్కలో పసుపు పెడతానని వచ్చాడు. వాన పడ్డ మర్నాడు వెళ్ళి సాంపిల్ తీశాను. మట్టి తడిగా ఉంది. ఆరబెట్టే ఓపిక లేక అలాగే సంచిలో కట్టి, ఆఫీసు గోడకు వారం రోజులు వేలాడదీశాను. తర్వాత గాజు గొట్టంలో ఆ మట్టిని నీళ్ళతో కలిపి ఇండికేటర్ చుక్కలు వేశాను. ఇండికేటర్ అంటే చౌడు గుణం ఉంటే గులాబీ రంగుకు తిరిగే మందు. నీళ్ళు గులాబీ పువ్వులా మెరిశాయి.

"చౌడు ఎక్కింది మల్లేశం. పసుపు పెట్టకు. రెండేళ్ళు జిప్సం వేసి చూద్దాం" అన్నాను.

పదిహేను రోజుల తర్వాత అతని భార్య లచ్చవ్వ ఆఫీసుకు వచ్చింది. విత్తనం పసుపు ఏరుతూ మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

"సారూ, నువ్వు చౌడన్నవని మా ఆయన ఎడ్లనమ్మిండు. మందమర్రి బొగ్గుబాయికి పోయిండు. గిప్పుడు నేనేం జెయ్యాలె?"

"పరీక్షల వచ్చిందే చెప్పిన లచ్చవ్వా. నా చేతుల ఏమున్నది?"

"పోయినేడు గదే చెల్కల పెసర్లేసినం. ఇల్లు నిండింది. చౌడుల పెసరు చేను నిలుస్తదా సారూ? జర నువ్వే చెప్పు."

పెసర చౌడుకు తట్టుకోదని కాలేజీలో నేను చదువుకున్నదే. అంతకు ముందు ఏం పండిందని ఒక్క మాట ఆ దంపతులను అడగలేదు. ఉతికిన సంచి ఇంకొకటి తీసుకుని ఆమె వెంట నడిచాను.

చేనుకు చేరేసరికి తుంపర మొదలైంది. నేను తవ్వుతుంటే లచ్చవ్వ సంచి మూతి తెరిచి పట్టుకుంది. నాలుగో గుంట దగ్గర ఆమె సంచి వదిలేసి తన అరచేతులు చూసుకుంది. తడిసిన సంచి తగిలినంత మేర పసుపు చేతులు ఎర్రగా, పారాణి పెట్టినట్టు మారాయి. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కుతుందని అందరికీ తెలుసు. చౌడు తగిలినా అంతే.

లచ్చవ్వ వంగి చేనులోని తడి మట్టిని మోచేతి మీద రుద్దుకుంది. అక్కడ పచ్చగానే ఉంది.

"చౌడు నా భూమి కాదు సారూ, నీ సంచి!"

తిన్నగా మా బట్టలుతికే పోచయ్య దగ్గరికి వెళ్ళాను.

"సర్కారు సంచులని మంచిగ చౌడు పట్టించి ఉడకబెట్టిన సారూ. ఎండకు బాయిల నీళ్ళు లేకుండె. ఒక్కసారే జాడిచ్చిన" అన్నాడు పోచయ్య.

అప్పట్లో బట్టలకు చౌడు మన్నే సబ్బు. ఆయన పని ఆయన శ్రద్ధగా చేశాడు. ఆ సంచులు దేనికో నేను ఏనాడూ చెప్పలేదు. అవి బిరుసుగా వస్తే గంజి పెట్టాడని మురిసిపోయాను కూడా. ఆ ముతక బట్టలో మిగిలిన చౌడంతా వారం రోజుల్లో తడి మట్టికి ఎక్కింది.

గాజు సీసాలో మళ్ళీ మట్టి తెచ్చి చూశాను. గులాబీ రంగు రాలేదు. మర్నాడే లచ్చవ్వతో కలిసి మందమర్రి బస్సెక్కాను. కార్మికుల కాలనీలో, పని దిగి వచ్చి ముఖం కడుక్కుంటున్నాడు మల్లేశం.

"తప్పు నాది మల్లేశం. నీ భూమి బంగారం లెక్కున్నది" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అతను ముఖం తుడుచుకుని, "ఎడ్లు పోయినయి గద సారూ" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "విత్తనమున్నదా, అమ్మినవా?" అని అడిగాడు.

"అమ్మలే. నీ లెక్క నాకు తొందర లేదు" అంది లచ్చవ్వ.

అతను లోపలికి వెళ్ళి బట్టలు మూట కట్టుకున్నాడు. అడిగి తెచ్చుకున్న ఎడ్లతో, అదను తప్పాక, ఆ ఏడు ఒక్క ఎకరమే పెట్టగలిగారు. ఆ ఎకరం బాగా పండింది.

అప్పటి నుంచి ఏ చేనుకు వెళ్ళినా పోయినేడు ఏం పండిందని అడిగాకే గుంట తవ్వాను. నా పెట్టెలో ఒక పసుపు కొమ్ము ఉండేది. సంచిని తడిపి దానితో రుద్ది చూశాకే మట్టి పోసేవాణ్ణి.

మరుసటి ఏడు పశువుల సంతలో మల్లేశం కనిపించాడు. కొనడానికి వచ్చావా అని అడిగాను.

"లేదు సారూ. మా ఎర్రెద్దుకు ఎడమ కొమ్ము వంకర. ఊర్లు తిరుగుతుంటరు గద, ఏడన్న కనబడితే చెప్పుండ్రి."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ ఊరికి వెళ్ళినా నేను మట్టి కన్నా ముందు ఎడ్ల కొమ్ములే చూశాను. ఆ ఎద్దు కనబడలేదు.